పురిటిబిడ్డల ప్రాణము - మందుల వివేకము

ప్రాణహితానది తెలంగాణమునకును మహారాష్ట్రమునకును సరిహద్దుగా ప్రవహించి కాళేశ్వరముకడ గోదావరిలో కలియుచున్నది. ఆ నదికి ఆవలి యొడ్డున గడ్చిరోలి జిల్లా గలదు. అడవులు, గోండుల గూడెములు, వానకాలమున తెగిపోవు బాటలు, దూరమున నున్న ఆసుపత్రులు - ఇవి ఆ జిల్లా లక్షణములు. అచ్చట 1993 మొదలు 1998 వఱకు జరిగిన యొక ప్రయోగమును మన పాఠకులు శ్రద్ధతో వినవలసియున్నది. డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ అను దంపతులు తాము స్థాపించిన 'సెర్చ్' సంస్థ పక్షమున 39 గ్రామములలో కొలదిపాటి చదువుగల పల్లె స్త్రీలను ఏరి, పురిటిబిడ్డను తూచుటయు, ఊపిరి లెక్కించుటయు, ఒడలి వేడిమి చూచుటయు నేర్పిరి. బిడ్డ రక్తమున విషక్రిములు సోకిన లక్షణములు కనబడి, తల్లిదండ్రులు ఆసుపత్రికి పోలేనప్పుడు, ఆ స్త్రీయే ఇంటికి వచ్చి జెంటామైసిన్ సూదిమందును, కోట్రైమాక్సజోల్ సిరపును ఇచ్చెడిది.

ఫలితమేమి? ఈ వ్యాధి సోకిన బిడ్డలలో అంతకుముందు నూటికి 16.6 మంది చనిపోవుచుండగా, పల్లె స్త్రీల చికిత్స పొందినవారిలో 2.8 మంది మాత్రమే చనిపోయిరి. నెలలోపలి శిశుమరణములు, ప్రయోగము జరుగని గ్రామములతో పోల్చిచూడగా, నూటికి 62 వంతులు తగ్గెను. ఈ వృత్తాంతము 1999లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో వెలువడి లోకప్రసిద్ధమయ్యెను. గొప్ప భవనము లేదు; విదేశీయంత్రము లేదు; ఒక సూది, ఒక సీసా, ఒక తూనిక, శిక్షణ పొందిన యొక స్త్రీ - ఇంతియే.

ఈ కథను మేము కేవలము స్తుతికొఱకు ఎత్తుకొనలేదు. ఇందు రెండు సత్యములు గలవు. సకాలమున అందిన చవుకమందు, నేర్పుగల చేతిలో పడినచో, బిడ్డను బ్రతికించునన్నది మొదటిది. ఆ మందునకు పదును ఉన్నంతవఱకే ఆ రక్షణము గలదన్నది రెండవది. మొదటి సత్యమును మన ప్రభుత్వములు కొంత గ్రహించినవి. 2011 నుండి ఆశా కార్యకర్తలు బాలింతల యిండ్లకు పోయి పసికందులను చూచుట దేశమంతట కార్యక్రమమైనది. 2014లో భారతప్రభుత్వము, ఆసుపత్రికి పంపుటకు వీలులేని సందర్భములలో, ఎ.ఎన్.ఎమ్. చేతికే జెంటామైసిన్ సూదిని ఇచ్చుటకు మార్గదర్శకములు వెలువరించినది. సిరపునకు మాఱుగా అమాక్సిసిల్లిన్ వచ్చినది. 2015లో ప్రపంచారోగ్యసంస్థయు ఇదే మార్గమును సకలదేశములకు చూపినది. రెండవ సత్యమును మాత్రము ప్రభుత్వములు గాని, ప్రజలు గాని తగినంతగా గ్రహించినట్లు తోపదు. నేటి మా వ్యాసము దానిని గుఱించియే.

పురిటిబిడ్డకు సోకు ఈ వ్యాధి పెద్దలయందు మనము చూచు జ్వరమువంటిది కాదు. పెద్దవాని కాలిపుండు చాలవఱకు కాలియందే యుండును. ఒడలు దానికి గట్టు కట్టి ఆపును. పది దినముల బిడ్డ యొడలికి ఆ గట్టు కట్టు శక్తి యింకను రాలేదు. బొడ్డుకడనో ఊపిరితిత్తులలోనో ప్రవేశించిన క్రిమి కొలది గంటలలో రక్తమున వ్యాపించును. మెదడు పొరలను సైతము తాకును. దీనినే వైద్యులు సెప్సిస్ అందురు. నెలలు నిండని బిడ్డకును, తూకము చాలని బిడ్డకును ఈ గండము మఱింత హెచ్చు. ఉమ్మనీరు ముందుగా పోయి ప్రసవము ఆలస్యమైనచో పుట్టుకకు మునుపే క్రిమి సోకవచ్చును. పుట్టిన పిదప మంత్రసాని చేతినుండియు, నర్సు చేతినుండియు, ఆసుపత్రి గొట్టములనుండియు సోకవచ్చును.

పసికందు తన బాధను చెప్పజాలదు. జ్వరము వచ్చి తీరునను నియమమును లేదు. ఒడలు చల్లబడుటయు అపాయమే. బాగుగా పాలు త్రాగుచున్న బిడ్డ చన్ను విడుచుట, తట్టినగాని మెదలకుండుట, మూర్ఛ వచ్చుట, నిమిషమునకు 60 సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీయుట, ఊపిరి పీల్చునప్పుడు డొక్కలు లోనికి పోవుట, వేడిమి 38 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరుట, లేక 35.5 డిగ్రీలకు దిగువకు పడిపోవుట - ఇవి ప్రతి యింటి పెద్దయు కంఠస్థము చేయదగిన గుర్తులు. వీనిలో ఏ యొక్కటి కనబడినను ఆలస్యము కూడదు. దిష్టి తగిలినదని, గాలి సోకినదని తాయెత్తుకై పోవుటలో గడచిన రాత్రి మఱల రాదు.

ఈ గండము కొలదిమందిది కాదు. 2022లో ప్రపంచమున 23 లక్షల మంది శిశువులు పుట్టిన నెలలోపల మరణించిరి. నెలలు నిండకపోవుట, ప్రసవకాలపు ఉపద్రవములు, పుట్టుకతో వచ్చిన లోపములు, ఈ క్రిమివ్యాధులు - ఇవి ముఖ్యకారణములు. మనదేశమున 2020 నాటి ప్రభుత్వపు లెక్కలో సజీవముగా పుట్టిన ప్రతి వేయిమందిలో 20 మంది నెల దాటలేదు. అదే లెక్కలో కేరళమున ఆ సంఖ్య 4. ఒకే రాజ్యాంగము క్రిందనున్న ఒకే జాతి బిడ్డలకు ఇంత భేదమేల? ఇది విధివ్రాత యనుటకు వీలులేదు.

ఇక చికిత్స మాట. వైద్యునకు ఇచ్చట కలుగు సంకటము సామాన్యము కాదు. బిడ్డను క్షీణింపజేయుచున్న క్రిమి యేదో తెలియుటకు రక్తమును తీసి, ప్రయోగశాలలో పెంచి చూడవలయును. దీనిని కల్చరు అందురు. ఆ ఫలితము వచ్చుటకు సాధారణముగా రెండు దినములు పట్టును. అంతవఱకు బిడ్డ ఆగదు. కావున శత్రువును చూడకయే బాణము వేయవలసియుండును. దశరథుని శబ్దవేధి కథ మనమెఱుగనిది కాదు. చప్పుడునుబట్టి వేసిన బాణము మునికుమారునకు తగిలెను. వైద్యుని బాణమును అట్లే గుఱి తప్పవచ్చును. ఆ అడవిలో ఏ మృగములు తిరుగునో ముందే తెలిసినవాడు మాత్రమే చీకటిలోను కొంత ధైర్యముతో గుఱి చూడగలడు.

ఇందుచేతనే ఆంపిసిల్లిన్ లేక పెనిసిల్లిన్ ఒకటి, జెంటామైసిన్ ఒకటి, ఈ రెండింటి జోడును చిరకాలముగా తొలిచికిత్సగా నియమించిరి. మొదటిది క్రిమి గోడను కూల్చును. రెండవది లోపలికి పోయి దానికి మాంసకృత్తులు తయారుకాకుండ చేయును. ఒకటి తెఱచిన ద్వారమున రెండవది ప్రవేశించును. రెండును చవుక, రెండును పాతవి, వాని గుణదోషములు తెలిసినవి. జెంటామైసిన్ మోతాదు మించినచో మూత్రపిండములకును చెవులకును హాని గలదు; అందువలన బిడ్డ తూకమునుబట్టి, వయస్సునుబట్టి లెక్కించి, దినములు లెక్కించి ఇత్తురు. ఇది అంగడివాని చేతిలోని పని కాదు.

పసికందు చిన్నదైన పెద్దమనిషి కాడను సంగతిని వైద్యలోకము మిక్కిలి వెల చెల్లించి నేర్చుకొన్నది. 1956లో అమెరికాలో నెలలు నిండని బిడ్డలకు క్రిమివ్యాధి రాకుండ ముందుగానే ఇచ్చిన సల్ఫాజాతి మందువలన మరణములు హెచ్చినవని తేలెను. ఆ మందు రక్తములోని కామెర్ల పసుపును స్థానభ్రష్టము చేసి మెదడునకు పంపినది. నాటినుండి తొలిదినముల బిడ్డలకు, కామెర్లుగల బిడ్డలకు ఆ జాతి మందులీయుటలో వైద్యులు జాగరూకులైరి. 1959లో క్లోరాంఫెనికాల్ పుచ్చుకొన్న శిశువులు బూడిదరంగు తిరిగి మరణించిన వృత్తాంతము వెలువడెను. ఆ మందును విఱిచి వెలికి పంపు శక్తి శిశువు కాలేయమునకు లేదు. నేడు మన పట్టణములలో విరివిగా వాడబడు సెఫ్ట్రియాక్సోన్ సైతము కామెర్లుగల పసికందునకు తగదు. కాల్షియము ఎక్కించుచున్న బిడ్డకు అపాయకరము.

మఱియొక ఉదాహరణము మనకు మిక్కిలి సన్నిహితమైనది. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండగా, 1948లో ఆరియోమైసిన్ లోకమునకు వచ్చినది. దానిని కనుగొన్నవారు బెంజమిన్ డగ్గర్. టెట్రాసైక్లిన్ అను మందుల వంశమునకు అదియే ఆది. అదే సంవత్సరమున సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. ఆంధ్రులు గర్వింపదగిన ఆ మందు కోట్లమందిని బ్రతికించినది. కాని ఆ జాతి మందులు పెరుగు ఎముకలలోను పండ్లలోను చేరి నిలిచిపోవునని తేలుటచే పసిబిడ్డలకు ఇచ్చుట మానిరి. గొప్ప మందు అందఱికిని గొప్ప మందు కాదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత అను మూడు ప్రశ్నలకు సమాధానము లేని మందు విషమే.

ఇంతవఱకు చెప్పినది మందు దోషము. ఇకమీద మన దోషము. 2011 నుండి 2014 వఱకు ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో 13,530 మంది నవజాత శిశువులను పరీక్షించిన వివరములు 2016లో ప్రకటింపబడినవి. ఆ వార్డులలో చేరిన బిడ్డలలో నూటికి 14 మందికి పైగా సెప్సిస్ పాలైరి. అందు మూడింట రెండువంతులు పుట్టిన మూడుదినములలోనే వచ్చినవి. కనబడిన క్రిములేవి? ఐరోపా, అమెరికాల వైద్యగ్రంథములు తొలిదినముల వ్యాధికి ముఖ్యముగా బి-గ్రూపు స్ట్రెప్టోకాకస్సును చెప్పును. ఢిల్లీలో ఏలినది అది కాదు. ఆసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఇ. కోలై అనునవి. ఆసినెటోబాక్టర్‌లో నూటికి 82 వంతులు, క్లెబ్సియెల్లాలో 54 వంతులు, ఇ. కోలైలో 38 వంతులు పెక్కు మందులకు లొంగనివై యుండెను. మందులకు లొంగని సెప్సిస్ వలన మనదేశమున యేటా 56 వేలమందికి పైగా నవజాత శిశువులు మరణించుచున్నారని 2016లోనే మఱియొక అంచనా వెలువడెను.

ఈ అంకెలయందు మాకు రెండు పాఠములు కనబడుచున్నవి. పరదేశపు గ్రంథము పరదేశపు శత్రువును వర్ణించును. మన బిడ్డలను చంపు క్రిమిని మనమే గుర్తింపవలయును. రాజకీయ స్వాతంత్ర్యము 1947లో వచ్చినది. కాని మన జిల్లా ఆసుపత్రిలోని వార్డునందు ఏ క్రిమి యున్నదో, ఏ మందునకు లొంగునో చెప్పు మన సొంత లెక్క లేనిచో, ఆ విషయమున మనమింకను పరాధీనులమే. 2010 ప్రాంతమున, పెక్కు మందులను వ్యర్థపఱచు ఎన్.డి.ఎమ్.-1 అను శక్తికి పాశ్చాత్యశాస్త్రజ్ఞులు మన రాజధాని పేరు పెట్టిరని దేశమున పెద్ద కలకలము రేగెను. ఆ పేరు మాకును రుచింపదు. కాని పేరు మార్చినంతమాత్రమున క్రిమి చావదు. నగరమునకు వచ్చిన అపకీర్తినిగూర్చి రేగిన ఆగ్రహములో పదవవంతైనను నగరమున చచ్చుచున్న శిశువులనుగూర్చి రేగియుండినచో నేడీ వ్యాసము వ్రాయు నవసరముండెడిది కాదు.

ఇచ్చట న్యాయమైన యొక ఆక్షేపణము గలదు. "పాతమందులు పనిచేయనప్పుడు మా బిడ్డకు మొదటినుండియు పెద్దమందే ఈయవలదా? దేశముకొఱకు మా బిడ్డను బలిపెట్టుదుమా?" అని తండ్రి అడుగును. అట్లడుగు తండ్రిని నిందించుటకు మాకు నోరాడదు. ఏ వార్డున లొంగని క్రిములు తిష్ఠవేసియున్నవని లెక్కచే తెలిసినదో, అచ్చట మిక్కిలి జబ్బుగా నున్న బిడ్డకు మెరోపెనెమ్ వంటి బలమైన మందుతో ఆరంభించుట వైద్యధర్మమే కావచ్చును. కాని అందు మూడు నియమములున్నవి. మొదటి మోతాదు పడకమునుపే కల్చరుకై రక్తము తీయవలయును. ఫలితము వచ్చినంతనే, చిన్నమందు చాలునని తేలినచో చిన్నమందునకు దిగవలయును. రెండు దినములలో క్రిమి పెరుగక, బిడ్డ తేఱుకొన్నచో, మందును నిలిపివేయు ధైర్యము వైద్యునకుండవలయును. మొదలుపెట్టుట యెవరికైనను సులభము. నిలుపుటయందే పాండిత్యము గలదు.

ఈ నియమములు పాటింపబడుచున్నవా? 2018 నుండి 2020 వఱకు 11 దేశములలోని 19 ఆసుపత్రులలో 3,200 మందికి పైగా శిశువులను పరిశీలింపగా, రెండువందలకు మించిన మందుల కలయికలు వాడబడినట్లు కనబడెను. ఒకే వ్యాధికి రెండువందల మార్గములనగా మార్గము లేదనుటయే. ప్రపంచారోగ్యసంస్థ 2017లో మందులను మూడు తరగతులుగా విభజించినది: ముందుగా వాడదగినవి, జాగ్రత్తతో వాడదగినవి, చివరిదాక దాచవలసినవి. మూడవ తరగతి విత్తనపు గాదెవంటిది. విత్తనపు వడ్లు దంచుకొని తిను రైతు మఱుసటి యేడు ఏమి నాటును?

గాదెను ఖాళీచేయువారు వైద్యులు మాత్రమే యని మా పాఠకులు సంతోషింపకుందురుగాక. పడిసెము పట్టినంతనే మందుల అంగడికి పోయి, చీటీ లేకయే మాత్రలు కొని, రెండుదినములు మ్రింగి మానువారెవరు? 2014 మార్చి 1వ తేదీనుండి అమలునకు వచ్చిన హెచ్-1 పట్టిక ప్రకారము అందలి మందులను చీటీ లేక అమ్మరాదు. కొన్నవాని పేరు వ్రాసి మూడేండ్లు భద్రపఱపవలయును. ఆ చట్టము మన వీధిలో ఎంత అమలగుచున్నదో పాఠకులకే తెలియును. కోళ్లకు మేతలో కోలిస్టిన్ కలిపినవారెవరు? లొంగని క్రిములు సోకిన పసికందునకు చిట్టచివర మిగులు మందులలో అది యొకటి. కోడి త్వరగా బరువెక్కుటకు దానిని పోసిరి. 2019 జులైలో భారతప్రభుత్వము పశువులకును, కోళ్లకును, చేపల రొయ్యల పెంపకమునందును దానిని నిషేధించినది. నిషేధము మంచిదే; కాని కోలిస్టిన్ ఒక్కటియే మందు కాదు. కోళ్లఫారములు, రొయ్యల చెఱువులు గల మన భూస్వాములు తమ మేతబస్తాలో ఏమి కలసియున్నదో ఇకనైన విచారించిన బాగుండును.

మఱియు 2007లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువుకడ, మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలికివచ్చు నీటియందు సిప్రోఫ్లాక్సాసిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కలదని పరిశోధకులు ప్రకటించిరి. మందు మ్రింగిన రోగి రక్తమున నుండుదానికన్న అది హెచ్చు. లోకమునకు మందులు చేసి పంపు కీర్తి మనదే. ఆ మందులకు క్రిములను అలవాటుచేయు బడిని మన వాగులలో తెఱచిన అపకీర్తియు మనదే.

చేయదగినదేమి? ప్రతి జిల్లా ఆసుపత్రియందును కల్చరు ప్రయోగశాల యుండవలయును. అది పేరునకు గాక దినదినము పనిచేయవలయును. నవజాత శిశువుల ప్రత్యేకవార్డు గల ప్రతి ఆసుపత్రియు తన క్రిముల లెక్కను ఏటేట తయారుచేసి, దానినిబట్టి తన తొలిమందును నిర్ణయించుకొనవలయును. మండలకేంద్రములలో ఆంపిసిల్లిన్, అమాక్సిసిల్లిన్, జెంటామైసిన్ ఎన్నడును కొఱవడరాదు. ఇంటినుండి వచ్చు క్రిమియు వార్డునుండి వచ్చు క్రిమియు ఒకటి కావు గనుక, పల్లెబిడ్డకు పట్టణపు మందు అవసరమని ముందే నిశ్చయించుట పొరపాటు. అన్నింటికంటె ముఖ్యము, చాలినంతమంది నర్సులు, కుళాయిలో నీరు, సబ్బు. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ప్రసవశాలలో ప్రవేశించువారందఱు సున్నపు క్లోరిన్ నీటితో చేతులు కడుగవలెనని శాసించి, పెక్కుమంది బాలింతల ప్రాణములు కాపాడెను. అప్పటికి క్రిమిశాస్త్రమే లేదు, మందులును లేవు. నేడు రెండును ఉండి, చేతులు కడుగుటకు మనకు తీరిక లేదు!

ఇంట చేయదగినదియు స్వల్పము కాదు. పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలయును. అవి వట్టి పాలు కావు, తల్లి తన యొడలినుండి బిడ్డకు ఇచ్చు కవచము. వానిని పిండి పాఱబోసి తేనెయు ఆముదమును నాకించుట మానవలయును. బొడ్డుకు పేడయు, బూడిదయు, పసుపును పూయక పొడిగా నుంచవలయును. బిడ్డను తల్లి ఱొమ్మునకు ఆనించి వెచ్చగా ఉంచవలయును. చూడవచ్చిన బంధువులు, ఎంతటి పెద్దలైనను, చేతులు కడుగక బిడ్డను ఎత్తరాదు. ఇందుకు కానీ వ్యయము లేదు. క్రిమి సోకకుండ కాపాడిన ప్రతి బిడ్డయు ఒక మందు పదునును కాపాడినట్లే.

గడ్చిరోలి స్త్రీ చేతిలోని సూది 2.8కి దించిన మరణమును, మన అశ్రద్ధ మఱల 16కు ఎత్తివేయగలదు. ఆ సూదిలోని మందు మనకెవరును దానమిచ్చినది కాదు. తరములవారి శ్రమచే లభించినది, రాబోవు తరములవారికి అప్పగింపవలసినది. ప్రాణహిత యను పేరు ఆ నదికి మన పూర్వులు పెట్టిరి. ఆ పేరు మన ఆసుపత్రులకు, అంగళ్లకు, మేతబస్తాలకు, కర్మాగారపు మురుగుకాలువలకును తగునా యని ప్రతివాడును తన్నుతాను ప్రశ్నించుకొనుగాక.